భాను పథ్యం విడిచిన రోజు

జూన్ 12, 2006, సోమవారం

ఈ డైరీ మా కొడుకు రాంబాబుకు గని దగ్గర ఎవరో ఇచ్చారట. సగం ఏడాది గడిచాక నా చేతికొచ్చింది. ఇప్పించింది కోడలు దుర్గ. పొద్దున్నే ఆమె వెనకాల తిరుగుతూ నా గుబుళ్లు చెబుతుంటే చేతులు జోడించింది.

"అత్తమ్మా, మబ్బు పడితె గుబులు, పట్టకుంటె గుబులు. నీకు దండం పెడత, గవన్నీ దీంట్ల రాసుకో. నాకు ఉన్నయి రెండే చెవులు."

సాయంత్రం బడిలో నేర్చుకున్న అక్షరాలు ఇన్నాళ్లకు పనికొచ్చాయి. ఒత్తులు ఎక్కడ పడాలో తెలియనప్పుడు గట్టిగా చదివి చూసుకుంటున్నాను.

ఈరోజు గుబుళ్లు: మేక ఇంకా ఈనలేదు. రాంబాబు బస్సు మెట్టు మీద వేలాడుతున్నాడేమో. మా ఆయన లచ్చయ్య పొద్దుటి నుంచి ఒక్కసారి కూడా దగ్గలేదు. రోజూ దగ్గే మనిషి దగ్గకపోతే ఏమనుకోవాలి?

జూన్ 14, బుధవారం

దుర్గ అంగన్‌వాడీ టీచరు. మణుగూరులో ట్రైనింగుకు వెళ్లొచ్చింది. తల్లుల మీటింగులో మాట్లాడాలట, అందుకని పొయ్యి ముందు నిలబడి పొయ్యికే చెబుతోంది. ఇంట్లో దెబ్బలు తినే పిల్లల్ని, తిండి అందని పిల్లల్ని గుర్తుపట్టడం ఎట్లా అని.

ఎండలో కూడా ఒళ్లంతా కప్పుకునే పిల్ల. చెయ్యెత్తితే ముడుచుకుపోయే పిల్ల. ఎప్పుడు చూసినా ఆకలిగా ఉండే పిల్ల. ఇంటికి పొమ్మంటే కాళ్లీడ్చే పిల్ల. ఏం చెప్పినా తలూపే పిల్ల. ఒక్క దెబ్బకు మనిషికో కథ చెప్పే ఇల్లు.

విన్నప్పటి నుంచి కాలు ఒకచోట నిలవడం లేదు. ఇన్నేళ్లూ పిల్లల గురించి ఊరికే భయపడ్డాను. దేన్ని చూసి భయపడాలో ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు నా భయానికి ఒక పద్ధతి దొరికింది. ఎంత హాయిగా ఉందో!

జూన్ 15, గురువారం

ఆ గుర్తులన్నీ లచ్చయ్యకు ఉన్నాయి. దోమను కొడదామని చెయ్యెత్తితే తల వంచేశాడు. ఎండలో దుప్పటి కప్పుకుంటాడు. ఎప్పుడూ ఆకలే. సంత నుంచి ఇంటికి పద అంటే కాళ్లీడుస్తాడు. ఏం చెప్పినా తలూపుతాడు.

పరుగెత్తి దుర్గకు చెప్పాను.

"మరి మామను కొడుతున్నదెవ్వలు అత్తమ్మా?" అని అడిగింది.

ఇంక ఈరోజుకు చాలు.

జూన్ 17, శనివారం

పరువు పోయింది. రాయకూడదనుకున్నాను కానీ రాయకపోతే నవ్వు ఆగదు.

తండాలో పూలి ఇంటి ముందు ఆమె మనవరాలు ఆడుకుంటోంది. మూతి మీద, మెడ మీద, భుజం మీద నల్లగా కమిలిన మచ్చలు. "ఎవ్వలు కొట్టిండ్రు ఈ పిల్లను? బయటికి రాండ్రి!" అని వీధి అదిరేలా అరిచాను. అందరూ వచ్చారు. పూలి కూడా పిండి చేతులతో వచ్చింది.

"ఏమైంది జంపక్కా, పొద్దుగాల్నే లొల్లి?"

మచ్చలు చూపించాను. పూలి కొంగు కొస తడిపి పిల్ల మెడ తుడిచింది. దెబ్బ పోయింది. భుజం తుడిచింది. ఆ దెబ్బా పోయింది. పిల్ల ఏదో గొప్పపని చేసినట్టు నాలుక బయటపెట్టింది. అది కూడా నల్లగా ఉంది. నేరేడు పండ్లు!

ఇప్పుడు నేను వీధిలో కనబడితే చాలు, "జంపక్క వస్తుంది, మూతులు తుడుసుకోండ్రి!" అని పిల్లలు కేకలేస్తున్నారు. ఇంటికొచ్చి ఏడుద్దామని కూర్చుంటే మళ్లీ నవ్వొచ్చింది.

పక్కింటి నాగలక్ష్మి ఒక్కతే నవ్వలేదు. "నువ్వు మంచికే అడిగినవ్ పెద్దమ్మా, వాళ్లకేం తెలుసు" అంది. నా బీపీ మాత్రలు తెచ్చిపెట్టేది ఆమే. నా గుబుళ్లను మొదటి నుంచి చివరి దాకా వినేది కూడా ఆమే. మధ్యలో లేచిపోదు. అట్లాంటి మనిషి ఈ ఊళ్లో ఇంకొకరు లేరు.

జూన్ 22, గురువారం

నాగలక్ష్మి ఇంట్లో ఉండే భాను రోజూ మా అరుగు మీదికి వస్తోంది. నాగలక్ష్మి అన్న గోపాలు కూతురు. తల్లి పోయింది. గోపాలు బోరుబండి మీద పనిచేస్తూ నెలల తరబడి ఎక్కడెక్కడో తిరుగుతాడు. ఎండాకాలంలో వేంసూరు నుంచి తెచ్చి, బడిలో వేయమని చెల్లెలి దగ్గర వదిలి వెళ్లాడు. నాగలక్ష్మికి పిల్లలు లేరు. భర్త రామకృష్ణకు పాల్వంచలో పని, ఆదివారం ఆదివారం వస్తాడు.

ఎనిమిదేళ్లుంటాయేమో ఈ పిల్లకు. నన్ను అచ్చం దింపేస్తుంది! ఒక చెయ్యి నడుం మీద, ఇంకో చెయ్యి గుండె మీద పెట్టి, "అయ్యో అయ్యో, కాకి ఎడమ దిక్కు పోయింది, మా రాంబాబు బస్సు ఏమైతదో!" అంటుంది. లచ్చయ్య నవ్వి నవ్వి దగ్గాడు. నేను ఆపి మళ్లీ చేయించుకున్నాను.

అంతలో నాగలక్ష్మి పిలుపు వినపడింది. భాను చేతులు రెండూ కిందికి జారాయి. లోపల దీపం ఆర్పినట్టు మొహం మారిపోయింది. చప్పుడు లేకుండా వెళ్లిపోయింది.

ఒక్క పిలుపుకే! నాగలక్ష్మి పిల్లను ఎంత పద్ధతిగా పెంచుతోందో.

జూలై 3, సోమవారం

భానుకు పచ్చకామెర్లట. నాగలక్ష్మి చెప్పింది. నాటువైద్యం చేసే బొజ్జయ్య దగ్గరికి తీసుకెళ్లి వాత పెట్టించిందట. మా వైపు కామెర్లకు కాల్చిన పుల్లతో మణికట్టు మీద ఒక చురక పెడతారు. దవాఖానా వాళ్లు తిడతారు కానీ పెట్టేవాళ్లు పెడుతూనే ఉన్నారు. ఆ తర్వాత పథ్యం. ఉప్పు లేదు, కారం లేదు, నూనె లేదు, చప్పిడి జావ తప్ప ఇంకేమీ తినకూడదు.

"పెద్దమ్మా, నువ్వు చెప్తె అందరు వింటరు. పిల్ల అడుగుతది. జాలిపడి ఎవరన్న ఒక్క ముద్ద పెట్టిండ్రనుకో, దాని పానం మీదికొస్తది."

నేను చెబితే అందరూ వింటారట! నేరేడు పండ్ల తర్వాత నాకు ఆ మాట ఎంత తీపిగా ఉందో. చెప్పులు కూడా వేసుకోకుండా ఇల్లిల్లూ తిరిగాను.

జూలై 6, గురువారం

ఊరు ఊరంతా కాపలా కాస్తోంది. కిరాణా దుకాణంలో బిస్కెట్ ముక్క ఇవ్వరు. పూలి తన ఇంట్లో వండుతున్నంతసేపూ తలుపు వేసుకుంటుంది. బడిలో అన్నం వండే ఆమె చేత భానుకు వడ్డించనని ఒట్టు వేయించుకున్నాను. ఇంతమంది నా మాట వినడం నా పుట్టుకలో ఇదే మొదలు.

ఈరోజు భాను ఎక్కడో మక్కకంకి సంపాదించింది. నేనే పరుగెత్తి గుంజుకున్నాను. "నీ మంచికే బిడ్డా" అన్నాను. వెంటనే తలూపింది. బంగారు పిల్ల, ఏడవను కూడా లేదు.

జూలై 11, మంగళవారం

నర్సమ్మ సోని పిల్లలకు సూదులు వేయడానికి వచ్చింది. భాను పొడుగు చేతుల గౌను వేసుకుని ఉంది. చెయ్యి పైకి జరిగితే సోని చూసి, "ఏందిది?" అని అడిగింది.

"గంజి ఒలికింది మేడం, ఒక్క తీరుగ నిలవడదు" అంది నాగలక్ష్మి.

నాతో వాత అని చెప్పింది కదా? కాసేపు ఆలోచించాను. వాత అని చెబితే నర్సమ్మ తిడుతుంది. అందుకని గంజి అంది. తెలివైన మనిషి. నేనైతే నిజం చెప్పేసి తిట్లు తినేదాన్ని.

అంతే అయి ఉంటుంది.

జూలై 15, శనివారం

నాకు కామెర్లు వచ్చాయి! అద్దంలో కళ్లు పచ్చగా ఉన్నాయి. దుర్గ చూసి ఏమీ లేదంది. లచ్చయ్య చూసి అద్దమే పచ్చగా ఉందన్నాడు. భాను, నేను ఒకే బోరింగు నీళ్లు తాగుతాం. రాకుండా ఎట్లా ఉంటాయి? పథ్యం మొదలుపెట్టాను. చప్పిడి జావ తాగాను. సగం తాగేసరికి ప్రాణం విసిగింది. ఆ పిల్ల రోజూ ఇదే ఎట్లా తాగుతోందో.

జూలై 16, ఆదివారం

లచ్చయ్యను లాక్కుని బొజ్జయ్య దగ్గరికి వెళ్లాను. వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. నా రెప్పలు పైకెత్తి దగ్గరగా మొహం పెట్టి చూశాడు.

"నీకు కామెర్లు కాదు జంపక్కా, భయం పట్టింది. దానికి నా దగ్గర మందు లేదు."

లచ్చయ్య నవ్వాడు. నాకు కోపమొచ్చింది. "మరి మా భానుకు వాత పెట్టినవ్ గద. నాకెందుకు పెట్టవు?"

"ఏ భాను?"

"నాగలక్ష్మి మేనకోడలు."

"నేనెక్కడ వాతలు పెడుతున్ననే! కండ్లు కనబడక కిందటి ఉగాదికాడ్నే బంద్ చేసిన. ఎవ్వలొచ్చినా మా కొడుకు దవాఖానకే తోలుతుండు. ఆ పిల్లను నేను చూడనే లేదు."

ఇంటికొచ్చి మిగిలిన జావ మేకకు పోశాను.

జూలై 17, సోమవారం

ఏమీ రాయబుద్ధి కావడం లేదు.

జూలై 18, మంగళవారం

బొజ్జయ్య ముసలాడయ్యాడు. మర్చిపోయి ఉంటాడు.

జూలై 19, బుధవారం

నాగలక్ష్మి మాత్రలు తెచ్చింది. చాలాసేపు కూర్చుంది. "ఇయ్యాల ఏం గుబులు పెద్దమ్మా?" అని నవ్వుతూ అడిగింది.

ఏమీ లేదన్నాను. ఆమెతో ఆ మాట అనడం ఇదే మొదటిసారి.

జూలై 20, గురువారం

మధ్యాహ్నం నాగలక్ష్మి సంతకు వెళ్లింది. భానును లోపలికి పిలిచి పప్పు, నెయ్యి వేసి అన్నం కలిపాను. వాసనకు ముక్కు ఎగరేసింది, కానీ రెండడుగులు వెనక్కి పోయింది.

"వద్దు అమ్మమ్మా. తింటె కామెర్లు తిరగబెడ్తయి."

"ఎవ్వలు చెప్పిండ్రు?"

"అత్త. మొన్న బడికాడ కింద పడ్డ అన్నం తిన్న. తిరగబెట్టినయి. మళ్ల వాత పెట్టింది."

"అత్తనా పెట్టింది? దేంతోని?"

"గంటెతోని." పొయ్యి మీద కూర కలిపే గంటె. వర్షం పడింది అన్నట్టు చెప్పింది. "అమ్మమ్మా, నా కామెర్లు ఎన్నడు పోతయి?"

మొహం వెలుతురు వైపు తిప్పి చూశాను. పాలలా తెల్లటి కళ్లు.

"నీకు కామెర్లు లేవు బిడ్డా."

"మరెవ్వలికున్నయి?"

ముద్ద నోట్లో పెట్టాను. తర్వాత నా చెయ్యి అవసరం లేకపోయింది. కంచం కూడా తింటుందేమో అనిపించింది. నేను గుంజుకున్న మక్కకంకి కళ్ల ముందు నుంచి పోవడం లేదు. ఊరంతటికీ తాళాలు వేసింది నేనే కదా.

జూలై 21, శుక్రవారం

దుర్గకు చెప్పాను. ఈసారి చేతులు జోడించలేదు. చేటలో బియ్యం అట్లాగే ఉండిపోయాయి.

"పొయ్యికి చెప్పిన, మీటింగుల చెప్పిన. పిల్ల నా కండ్ల ముంగటనే తిరిగింది అత్తమ్మా."

ఫోను బూత్ దగ్గరికి వెళ్లి సూపర్‌వైజర్ మేడంకు ఫోను చేసింది. ముందు నర్సమ్మ పిల్లను చూడాలి, చూసింది రాసివ్వాలి, ఆ తర్వాత పోలీసులతో మేం వస్తాం, ఈలోగా మేనత్తకు అనుమానం రానివ్వొద్దు, పిల్లను ఎక్కడికైనా పంపేస్తుంది అని మేడం చెప్పిందట.

చూపించడం ఎట్లా? అడిగితే నాగలక్ష్మి పంపదు. గొడవ చేస్తే ఎవరు నమ్ముతారు? ఆమె ఊరికి మంచి మనిషి. నేను నేరేడు పండ్ల జంపక్కను.

ఇంతలో దుర్గ, "పథ్యం ఉన్నన్ని రోజులు పిల్లను దాసిపెట్టొచ్చు, గట్ల చేసింది" అంది.

నేను లేచి గెంతాను. మోకాలు కలుక్కుమంది. అయినా గెంతాను. పథ్యం ఉంటే, పథ్యం విడుపు కూడా ఉంటుంది కదా!

జూలై 23, ఆదివారం

ఈరోజుది మొత్తం రాస్తాను.

మా దగ్గర పథ్యం విడిచే రోజు ఆడవాళ్లు కలిసి రోగికి పసుపు, వేపాకు వేసిన నీళ్లు పోస్తారు. ఇంటికో వంట తెస్తారు. అన్నింటిలో నుంచి ఒక్కో ముద్ద తినాలి. కాదనే ఆచారం లేదు. పొద్దున్నే వీధిలో పడి అరిచాను.

"మా భానుకు కామెర్లు తగ్గినయి! ఇయ్యాల పథ్యం ఇడుపు! బొజ్జయ్య తానే వస్తుండు!"

గొంతు పగిలినా ఆపలేదు. ఇన్ని రోజులు తలుపులేసుకున్న ఇళ్లన్నీ తెరుచుకున్నాయి. పాపం, పిల్ల అడిగిందల్లా కాదనాల్సి వచ్చి ఇన్నాళ్లూ అందరూ కుమిలిపోయారు. చేపల పులుసు, గారెలు, చింతచిగురు పప్పు, పూలి జొన్నరొట్టెలు. పొగతో వీధి కనబడలేదు.

నాగలక్ష్మి గడపలో నిలబడింది. మొదటిసారి ఆమె మొహంలో కంగారు చూశాను. "ఇంక తగ్గలేదు పెద్దమ్మా, కండ్లు పచ్చగనే ఉన్నయి."

"చూసెటోడు వచ్చిండు గదనే" అంది పూలి.

బొజ్జయ్యకు నేను ముందే అంతా చెప్పాను. భాను గడ్డం పట్టుకుని ముక్కు తగిలేంత దగ్గరగా చూశాడు. "ఇంత తెల్లటి కండ్లు నా పెండ్లికి కూడ చూడలే" అన్నాడు. ఆడవాళ్లు గొల్లుమన్నారు. అంతే, భానును ఎత్తుకుని మా ఇంటికి తెచ్చేశారు. రామకృష్ణ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. తల ఎత్తలేదు.

స్నానాల తడక లోపలికి నేను, దుర్గ, ఆమె ముందే కబురు పెట్టి రప్పించిన సోని మాత్రమే వెళ్లాం. దుర్గ కింద కూర్చుని అడిగింది. "భానూ, నర్సమ్మకు నీ ఈపు చూపిస్తవా? ఇష్టం లేకుంటె వద్దు."

భాను నా వైపు చూసింది. తర్వాత తనే వెనక్కి తిరిగింది.

చూసింది ఇక్కడ రాయను. సోని తన కాగితం మీద రాసుకుంది.

బయట పాటలు పాడుతున్నారు. నేను ఏడిస్తే పిల్ల బెదురుతుందని నేనూ గట్టిగా ఎత్తుకున్నాను. ఒక్క పాట గుర్తుకు రాలేదు. బస్సు ఆగే ఊళ్ల పేర్లు పాడాను. "ఏన్కూరో, కొత్తగూడెమో, పాల్వంచో, మణుగూరో!" భాను పసుపునీళ్ల మధ్య కిలకిలా నవ్వింది. "అమ్మమ్మా, సారపాక మర్సినవ్!" అంది. సారపాక కూడా పాడాను.

బయటికొచ్చాక చాప మీద కూర్చోబెట్టాం. ఒక్కొక్క గిన్నె చూపించి అడిగింది.

"ఇది తినొచ్చా?"

"తినొచ్చు!" అని అందరూ అరిచారు.

"ఇది?"

"తినొచ్చు!"

ఆమెకు అది ఆటైపోయింది. చాపను, చెంబును, చివరికి లచ్చయ్యను కూడా చూపించి అడిగింది. సోని మాత్రం పక్కన కూర్చుని, "కొంచెం కొంచెం పెట్టండ్రి, కడుపు ఎండిపోయి ఉంది. కామెర్లు లేవు, ఎన్నడూ లేవు" అంది మెల్లగా. ఆ మాట ఒకరి నుంచి ఒకరికి పాకింది. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. బడిలో అన్నం వండే ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది.

నాగలక్ష్మి గట్టిగా నవ్వింది. "ఈ ముసల్దానికి భయం పిచ్చి. నేరేడు మరకను చూసి దెబ్బలన్న మనిషి మాట పట్టుకుంటరా?"

పూలి లేచి తడిగుడ్డ ఆమె ముందుకు చాపింది. "మరకైతె తుడిస్తె పోతది నాగలక్ష్మీ. రా, నువ్వే తుడువు."

నాగలక్ష్మి ఆ గుడ్డ అందుకోలేదు.

మేడం, పోలీసుల జీపు మధ్యాహ్నానికి వచ్చింది.

జూలై 25, మంగళవారం

గోపాలు వచ్చేదాకా భానును మా ఇంట్లో ఉంచమని మేడం వాళ్లు రాసిచ్చారు. నాగలక్ష్మి మీద కేసు పెట్టారు. గోపాలుతో ఫోనులో దుర్గ మాట్లాడింది. అటువైపు బోరుబండి చప్పుడు ఆగిపోయిందట.

జూలై 30, ఆదివారం

రాయడానికి సిగ్గుగా ఉంది. గోదావరి పెరుగుతోందని రేడియోలో విని గుబులు పుట్టి, నాగలక్ష్మితో చెబుదామని లేచాను. ఆ తలుపుకు తాళం ఉంది. నా మాటలు వింటూ వింటూ ఆమె ఏం ఆలోచించేదో.

భాను పక్క కింద చీమలు. చూస్తే గారె ముక్కలు, రొట్టె ముక్కలు దాచి ఉన్నాయి. తిట్టలేదు. ఒక మూత డబ్బా ఇచ్చి, "ఇది నీది, ఎవ్వలు ముట్టరు" అన్నాను. లచ్చయ్య దాని జోలికి పోకుండా నేను కాపలా.

ఆగస్టు 5, శనివారం

గోపాలు వచ్చాడు. బిడ్డ ముందు కూర్చుని, "చెయ్యి పట్టుకోవచ్చా?" అని అడిగి పట్టుకున్నాడు. బోరుబండి మానేస్తాడట. ఇక్కడే ట్రాక్టరు పని చూసుకుని, మా వెనకింట్లో కిరాయికి ఉంటాడట. ఆ ఇంటి కప్పు కారుతుంది. చెప్పాలి.

ఆగస్టు 9, బుధవారం

ఏం జరిగిందో రాస్తాను! మధ్యాహ్నం భానుకు అన్నం పెట్టాను. సగం తిన్నది. వీధిలో పూలి మనవరాలు కేకేసింది. భాను కంచం అట్లాగే వదిలేసి లేచింది.

"అన్నం ఇడిసి ఎక్కడికే? కూసో, తిను!" అన్నాను.

తలూపలేదు. గుమ్మంలో ఆగి వెనక్కి తిరిగి, "నాకొద్దు పో!" అని పరుగెత్తింది.

నేను కంచం ముందు కూలబడ్డాను. దుర్గ లోపలి నుంచి పరుగెత్తుకొచ్చింది. "ఏమైంది అత్తమ్మా, ఏడుస్తున్నవా, నవ్వుతున్నవా?"

"మిగిలింది దుర్గా. మిగిలిచ్చింది!"

ఆ కంచం కడగనివ్వలేదు. చేతుల్లో పెట్టుకుని ముందు లచ్చయ్యకు చూపించాను, తర్వాత వీధిలోకి వెళ్లి ఇల్లిల్లూ చూపించాను. పూలి పిండి చేతులతోనే వంగి చూసింది.

"అయ్యో, పప్పు కూడ ఇడిసిందే!" అని చప్పట్లు కొట్టింది.